మూడేళ్ల రోవర్: ఆ పచ్చటి ‘ఫిక్స్’ మీదే నా కోపం

పొలాల హద్దులు కొలవడం నా వృత్తి. మూడేళ్ల క్రితం ఉపగ్రహ సిగ్నళ్లతో స్థానం కొలిచే బేస్, రోవర్ జత కొన్నాను: బేస్ ఒకచోట కదలకుండా ఉండి సవరణలు పంపుతుంది, రోవర్ కర్ర మీద మనతో తిరుగుతుంది. కొత్తలో కనిపించిన ప్రతివారి దగ్గరా పొగిడాను. కర్ర నిలబెట్టిన అర నిమిషంలో తెర మీద పచ్చగా ‘ఫిక్స్’ (స్థానం కచ్చితంగా తేలింది) అని పడేది, పక్కనే పొరపాటు 2 సెంటీమీటర్లేనని అంకె. గొలుసు లాగి పని నేర్చుకున్నవాడికి అది ఇంద్రజాలమే. ఇప్పుడు ఆ పచ్చ రంగు చూస్తేనే ఒళ్లు మంట.

మామిడి తోట మూలన, రేకుల గోడౌను పక్కన హద్దురాయి పాతించాలి. ఫిక్స్ పడింది, పాతించాం. వారానికి పక్క రైతు టేపు పట్టుకుని వచ్చాడు. ‘సర్వేయరు గారూ, మీ ఉపగ్రహం నా గట్టు తినేసిందండీ’ అన్నాడు. మళ్లీ పెట్టి చూశాను. ఈసారీ ఫిక్సే, కానీ రాయికి 40 సెంటీమీటర్లు ఇవతల! రెండుసార్లూ అదే 2 సెంటీమీటర్ల ధీమా. సగం ఆకాశాన్ని చెట్లూ గోడా మింగేశాయి. రేకులకు తగిలి వచ్చిన సిగ్నల్ అసలు సిగ్నల్‌తో కలిసిపోయింది. ఉపగ్రహాలు పంపే ఎల్1 అనే రేడియో తరంగం పొడవు దాదాపు 19 సెంటీమీటర్లు. ఉపగ్రహం దాకా అలాంటి తరంగాలెన్నో లెక్కపెట్టడంలో యంత్రం ఒకటి రెండు పొరబడితే చాలు. పైగా తప్పు లెక్క మీదా దానికి అంతే నమ్మకం.

ఇప్పుడు పొద్దున్నే ముందుగా తెలిసిన రాయి మీద పెట్టి సరిచూస్తాను. 15 డిగ్రీల కంటే కిందున్న ఉపగ్రహాలను వదిలేస్తాను. గోడల దగ్గర ఫిక్స్ చెరిపి, గంట తర్వాత మళ్లీ తీస్తాను; ఈలోగా ఉపగ్రహాలు జరుగుతాయి, ప్రతిఫలనాలూ మారతాయి. అప్పటికీ కుదరకపోతే బయలులో రెండు బిందువులు తీసుకుని అక్కడినుంచి టేపే.

యంత్రం రెండు పౌనఃపున్యాల సిగ్నళ్లు అందుకుంటుంది కనుక అయనోవరణం (పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొర) బాధ లేదని కూడా అప్పట్లో చెప్పాను. ఆ పొర సిగ్నల్‌కు కలిగించే ఆలస్యం వరకు అది నిజమే. కానీ మనం అయస్కాంత భూమధ్యరేఖకు మరీ దూరం కాదు, ఆ పొర కలత ఇక్కడ ఎక్కువ. సూర్యుడు ఉధృతంగా ఉన్న 2024లో, మార్చి సాయంత్రాలు పొద్దుగూకాక సిగ్నల్ మిణుకుమిణుకుమని గంటసేపు ‘ఫ్లోట్’ (లెక్క ఇంకా తేలలేదు) లోనే ఉండిపోయేది. పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లడమే. దాని మీద మాత్రం కోపం లేదు, కుదరడం లేదని నిజం చెప్పింది కదా.

నావి ఎక్కువగా మెట్ట పొలాలు, బేస్ 5 కిలోమీటర్ల లోపే పెడతాను. అలాంటివారికి కొనమనే చెబుతాను. ఇళ్ల మధ్య స్థలాలు కొలిచేవారికి ఆ మాట చెప్పడానికి నోరు రాదు. ఆ రాయి జరిపిన కూలి నేనే ఇచ్చుకున్నాను.