ఉగాండా మిషన్ ట్రిప్: ఏది బాగుంది, ఏది దండగ

మా సంఘంలో ఇంకో బ్యాచ్ ఉగాండా వెళ్దామనుకుంటున్నారు, ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. ముందే ఒక మాట. అక్కడ యేసు ప్రభువు పేరు తెలియని వాళ్ళుంటారు, మనమెళ్ళి చెప్పాలి అనుకుని బయల్దేరితే నవ్వులపాలవుతాం. ఆ దేశంలో 80 శాతం పైనే క్రైస్తవులు, వ్యాన్ల అద్దాల మీద కూడా వాక్యాలే, ప్రార్థనకి కూర్చుంటే మనం లేచి సర్దుకునే టైముకి వాళ్ళు అప్పుడే మొదలుపెట్టినట్టుంటుంది.

కంపాలాలో మొదట ఏజెంటు బుక్ చేసిన హోటల్లో దిగాం. రూము బానే ఉంది కానీ కింద బారు, తెల్లవార్లూ పాటలు, రేటేమో డాలర్లలో. అక్కడ్నుంచి నమిరెంబె కొండ మీద చర్చివాళ్ళ గెస్ట్‌హౌస్‌కి మారిపోయాం. టీవీ లేదు, వేడినీళ్ళు ఒక్కోసారి వస్తాయి ఒక్కోసారి రావు, అయినా మంచానికి దోమతెర, పొద్దున్నే అల్లం వేసిన పాల టీ, నిశ్శబ్దం, నా మటుకు ఇదే బెస్ట్. పక్కనే 1919లో కట్టిన ఎర్ర ఇటుకల కెథడ్రల్. 1885లో బుసోగా అనే ప్రాంతంలో చంపేసిన బిషప్ హానింగ్టన్ సమాధి అక్కడే ఉంది. మిషనరీ డాక్టరు ఆల్బర్ట్ కుక్ 1897లో పెట్టిన మెంగో ఆసుపత్రి కూడా దగ్గర్లోనే, ఇప్పటికీ నడుస్తోంది.

నముగొంగో తప్పకుండా చూడండి. రాజు మ్వాంగా హుకుంతో 1886 జూన్ 3న విశ్వాసుల్ని సజీవంగా కాల్చేసిన చోటు. క్యాథలిక్ వాళ్ళ గుడి 22 రాగి స్తంభాలతో గుండ్రటి గుడిసెలా కట్టారు, ఫొటోలకి అది బాగుంటుంది, కానీ నన్ను కదిలించింది ఆంగ్లికన్ వాళ్ళ మ్యూజియం, నిలువెత్తు బొమ్మలు, కట్టెలు, తాళ్ళు, కొంతమందైతే కుర్రాళ్ళే. జూన్ మొదట్లో వెళ్తే మాత్రం రూములు దొరకడం కష్టం, కెన్యా రువాండాల నుంచి కూడా జనం నడిచి వస్తారు.

జింజా అనే ఊరు దాటాక పల్లెల్లో మీటింగులు. రేకుల చర్చి, మట్టి నేల, ఆరాధన మధ్యాహ్నం దాకా సాగింది. కానుకల్లో డబ్బులతో పాటు కోళ్ళు, గుడ్లు, అరటిగెలలు, అయ్యాక వేలం, అచ్చం మన కోతల పండుగే. ఒక పనసకాయ పాడుకున్నాయన దాన్ని మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు, ఇంకొకావిడ పాడింది, ఆవిడా పెట్టేసింది, చివరికి అది తెచ్చి మా పాస్టర్ గారి ఒళ్ళో పెట్టారు. ఆ జిగురు ఆయన తెల్ల చొక్కాకి అంటుకుని ఇప్పటికీ పోలేదు. భోజనం దగ్గర కందనకాయ కూడా ఆయనకే వేశారు, పెద్ద అతిథికి ఇచ్చే మర్యాదట. ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని వడ్డిస్తారు, వాళ్ళ పద్ధతే అది, నాకు మాత్రం ముద్ద దిగలేదు. మొక్కజొన్న పిండితో చేసే పోషో మన సంకటిలాగే ఉంటుంది కానీ ఉప్పూ కారం ఏమీ ఉండదు, పచ్చడి లేకపోతే కష్టం.

మాలో నిజంగా పనికొచ్చింది ప్రసంగాలు చేసిన మేము కాదండీ, భీమవరం నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ తమ్ముడు. మేం వాక్యం చెప్తుంటే అతను వెనకాల కూర్చుని పాడైపోయిన సౌండ్ బాక్సు విప్పాడు, తర్వాత సోలార్ బ్యాటరీ వైర్లు మార్చాడు, సాయంత్రానికి ఊళ్ళో కుర్రాళ్ళంతా అతని చుట్టూనే. వచ్చేముందు అక్కడి పాస్టర్ గారు అడిగింది కూడా మమ్మల్ని కాదు, "ఆ అబ్బాయిని మళ్ళీ పంపిస్తారా" అని. కుట్టుపని నేర్పేవాళ్ళు, నర్సులు, ఇలాంటి వాళ్ళుంటే టికెట్టు డబ్బులకి అర్థం ఉంటుంది, ప్రసంగీకులు వాళ్ళకే బోలెడుమంది ఉన్నారు. ఇంకోటి, అనాథ పిల్లల హోమ్‌కి తీసుకెళ్ళి బిస్కెట్లు పంచుతూ ఫొటోలు దిగే ప్రోగ్రాం పెడతారు, దయచేసి వద్దనండి. బస్సు ఆగగానే ఆ పిల్లలు వరసలో నిలబడిపోయారు, ఎవరూ చెప్పకుండానే.

టైముంటే జింజాలో నైలు నది పుట్టే చోట పడవెక్కండి, 1948లో గాంధీగారి అస్థికల్లో కొన్ని కలిపింది అక్కడే, విగ్రహం కూడా ఉంది. పడవ ఎక్కకముందే బేరం ఆడుకోండి. కంపాలా వెళ్ళే దారిలో నమవొజ్జోలో దగ్గర కిటికీలోంచే పుల్లకి గుచ్చిన కోడి అమ్ముతారు, వేడివేడిగా ఉంటే కొనండి. బోడా అంటే బైక్ ట్యాక్సీ, హెల్మెట్ ఇవ్వకపోతే ఎక్కొద్దు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి, హైదరాబాద్ వాళ్ళకి నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ఆ కార్డు తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్ట్‌లో కూడా అడుగుతారు, లేకపోతే 6 రోజులు క్వారంటైన్. డాలర్లు కొత్త నోట్లే, అందులోనూ వంద నోట్లే పట్టుకెళ్ళండి, పాతవాటికీ చిన్నవాటికీ రేటు తగ్గించేస్తారు. పచ్చడి సీసా చేతి సంచీలో కాదు, చెకిన్ బ్యాగులో పెట్టుకోండి.