స్ట్రింగ్ డ్యాంపర్ రెండేళ్ల తర్వాత: గోల పోయింది, నా తప్పు కూడా వినబడకుండా పోయింది

రెండేళ్లు దాటింది నా గిటార్ మెడకు ఈ పట్టీ చుట్టి. వెల్‌క్రోతో బిగించుకునే స్పాంజి పట్టీ, మెడ చివర తీగలు ఆనుకునే చిన్న ముక్క నట్, దాని పక్కన చుడితే ఓపెన్ స్ట్రింగ్స్, అంటే వేలితో నొక్కని తీగలు, మోగవు, అంతే దాని పని. ఏ సైజు, ఏ రంగు అన్న సంగతులు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. కొన్న మొదటి నెలలో నేను దీన్ని పొగిడిన పొగడ్త మామూలుది కాదు. కనబడిన గిటారిస్టుకల్లా కొనమని చెప్పాను, ఇద్దరు నా మాట విని కొన్నారు కూడా. వాళ్లకు అప్పుడు చెప్పనిది కొంత ఉంది.

లెగాటో, అంటే స్వరాలు తెగకుండా ఒకదాంట్లోంచి ఒకటి సాగేలా వాయించడం, దాని కోసమే కొన్నాను. పిక్ ఒక్కసారి తగిలించి మిగతా పనంతా ఎడమ చేతి వేళ్లకు అప్పజెప్పినప్పుడు గెయిన్ (యాంప్‌లో గిటార్ సిగ్నల్‌ను పెంచే సెట్టింగు) కాస్త ఎక్కువ పెట్టక తప్పదు, గెయిన్ పెంచితే మనం వాయించే స్వరంతో పాటు ముట్టుకోని తీగలు కూడా గొంతెత్తుతాయి. అంతకు ముందు జుట్టుకు కట్టుకునే రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేసి నెట్టుకొచ్చాను గానీ అది జరిగిపోయేది, పైగా సన్న తీగ దగ్గర వదులైపోయేది. ఈ పట్టీ చుట్టిన రోజు వాయిస్తే నా చెవులను నేనే నమ్మలేదు. తీగకు మూడు స్వరాల చొప్పున పైకెళ్లి కిందికొస్తుంటే మధ్యలో గుయ్యిమనే మోత లేదు, నేను వాయించాలనుకున్నది తప్ప ఇంకేమీ వినబడలేదు.

అనుకోకుండా కలిగిన లాభం ఇంకోటి. గోల పోయేసరికి నా ఉంగరం వేలు ఎంత సోమరిగా ఉందో మొదటిసారి వినబడింది. మధ్య వేలి హ్యామర్ ఆన్ (పిక్ లేకుండా వేలితోనే తీగను గుద్ది మోగించడం) గట్టిగా, ఉంగరం వేలిది సగం గొంతుతో. వేలిని మరీ ఎత్తునుంచి తెచ్చి గుద్దడం మానేసి ఫ్రెట్‌కు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గరగా పడేలా చేసుకున్నాక స్వరాలన్నీ ఇంచుమించు ఒకే మోతలోకి వచ్చాయి. ఈ మేలు మాత్రం పట్టీదే, ఇప్పటికీ కాదనను.

ఇక అసలు కథ. కొన్న ఏడాది తర్వాత ఒక ఫ్రెండు తన పాటకు సోలో వాయించమన్నాడు. పాట స్కేల్ సి మైనర్. పాట మొదట్లో నేనే ఆర్పెజియో (కలిపి మోగే స్వరాల గుంపైన కార్డ్‌ను ఒక్కో స్వరంగా విడదీసి) వాయించాలి, అందులో ఓపెన్ డి, ఓపెన్ జి తీగలు మోగుతూ ఉండాలి, ఆ స్కేల్‌లో ఆ రెండూ చక్కగా కుదురుతాయి కూడా. అది అయిన మరుక్షణం గ్యాప్ లేకుండా సోలో. పట్టీ నట్ ముందు ఉంటే ఆర్పెజియో చచ్చిపోతుంది, కాబట్టి దాన్ని నట్ వెనక్కి, కీలుండే హెడ్‌స్టాక్ వైపు జరిపేశాను. రెండు వాయింపుల మధ్య దాన్ని ముందుకు లాగే టైము లేదు. పర్లేదులే, ఏడాది నుంచి శుభ్రంగా వాయిస్తున్నాను కదా అనుకున్నాను. నాలుగైదు టేకులు తీసుకున్నాం, డ్రమ్స్‌తో కలిపి వింటే బాగానే ఉంది. తర్వాత వాడు మిగతావన్నీ ఆపి నా ట్రాక్ ఒక్కటే వినబడేలా పెట్టి హెడ్‌ఫోన్స్ నా చేతికిచ్చి, "ఒరేయ్, నీ వెనకాల ఎవరో మూలుగుతున్నార్రా" అన్నాడు.

నిజంగానే మూలుగు. ఎనిమిదో ఫ్రెట్ దగ్గర్నుంచి మొదలయ్యే రన్ (వరసగా పరిగెత్తే స్వరాలు) అది, పైనుంచి కిందికి దిగుతూ ఎ తీగ మీద పదకొండు, పది, ఎనిమిది వాయించి లావు ఇ తీగ మీదికి వెళ్లాలి. నేను వెళ్తూ వెళ్తూ చూపుడు వేలిని ఎనిమిదో ఫ్రెట్ మీంచి టపీమని ఎత్తేస్తున్నాను. అలా ఎత్తడమంటే తెలియకుండానే ఇంకో పుల్ ఆఫ్ (నొక్కిన వేలిని లాగి వదిలి తీగను మోగించడం) చేసినట్టే. దాంతో ఓపెన్ ఎ, అదే 110 హెర్ట్జ్ తీగ, మోగడం మొదలుపెట్టి లావు తీగ మీద నేను వాయించే స్వరాల కింద హాయిగా సాగుతోంది. అక్కడ కార్డ్ ఎ ఫ్లాట్. ఎ ఫ్లాట్ మీద దాని పక్క స్వరమైన ఎ సాగితే ఎంత అపశ్రుతిగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. బి తీగ దిగేటప్పుడూ అదే కథ, ఓపెన్ బి మోగుతోంది, స్కేల్‌లో ఉన్నదేమో బి ఫ్లాట్.

ఏడాదంతా ఆ తప్పు చేస్తూనే ఉన్నాను. పట్టీ ఉన్నంత కాలం ఆ తీగ మోగే బదులు చిన్న టిక్కుమనే చప్పుడు చేసి ఊరుకునేది, నాకేమో నా చేయే శుభ్రపడిందనిపించేది. నా కోపం ఇక్కడే, అదీ పట్టీ మీద సగం, నా మీద సగం. చెత్తను చాప కిందికి ఊడ్చి ఇల్లు అద్దంలా ఉందని మురిసిపోయినట్టయింది నా పని.

తర్వాత మూడు నెలలు పట్టీ తీసి డ్రాయరులో పడేశాను. మెట్రోనోమ్ 60 మీద, ముందు క్లీన్ టోన్‌లో, తర్వాత గెయిన్‌తో, ఒక్క రెండు తీగల మధ్య దిగడమే పని. నేర్చుకున్నది చెప్పడానికి చిన్నదే. తర్వాతి లావు తీగ మీద ఉంగరం వేలు దిగేదాకా చూపుడు వేలు అప్పటిదాకా వాయించిన తీగను వదలకూడదు, దిగాక ఒత్తిడి మాత్రం తీసేసి మెత్తగా ఆనుకుని ఉండాలి. వేలి కొనతో కాకుండా కాస్త పడుకోబెట్టి పట్టుకుంటే సన్న తీగలన్నీ దాని కిందే నోరు మూసుకుంటాయి. ఇందులోనూ ఒక తిరకాసు ఉంది. ఏడో ఫ్రెట్ దగ్గర ఒక్క వేలితో ఇలా ఆనిస్తే హార్మోనిక్ (గంటలాంటి సన్నటి స్వరం) టింగుమంటుంది, అక్కడ రెండు వేళ్లు ఆనాలి. పైకెళ్లేటప్పుడు వెనక మిగిలిపోయే లావు తీగల సంగతి కుడి అరచేయి చూసుకోవాలి. లెగాటోలో ఆ చేతికి పని తక్కువ కాబట్టి తీగలు గిటార్ ఒంటి మీద ఆనే బ్రిడ్జి దగ్గర కాపలా పెట్టొచ్చు.

పుల్ ఆఫ్‌లు కూడా అప్పుడే మార్చుకున్నాను. నేను తీగను పక్కకు గట్టిగా లాగి వదిలేవాణ్ని, వేలు వెళ్లి పక్క తీగను తాకేది. లెగాటోకు పేరుపడ్డ గిటారిస్టు ఆలన్ హోల్డ్స్‌వర్త్‌కు అలా లాగితే వచ్చే మ్యావ్‌మనే చప్పుడు గిట్టేది కాదట, అందుకే వీలైనంత వరకు హ్యామర్ ఆన్‌ల మీదే బండి నడిపేవాడు. సాక్సొఫోన్ లాంటిది వాయించాలనుకుంటే గిటార్ చేతికొచ్చిన మనిషి, ఆయన వాయింపు వింటే ఆ కోరిక ఎక్కడికీ పోలేదనిపిస్తుంది. ఆయన వేళ్లు నాకు రావు గానీ, లాగడం తగ్గించి వేలిని దాదాపు నిటారుగా లేపడం అలవాటు చేసుకున్నాను. మోత కొంచెం తగ్గింది, పక్క తీగ గోల చాలా తగ్గింది.

పట్టీ మన్నిక గురించి రెండు మాటలు. స్పాంజి మీద ఇప్పుడు ఆరు గాళ్లు పడ్డాయి, తీగలు సరిగ్గా వాటిలో కూర్చుంటాయి, కాబట్టి మునుపటిలా మోత ఆగాలంటే ఇంకొంచెం బిగించాలి. బిగిస్తే తీగలు కిందికి నొక్కుకుపోయి శ్రుతి పైకి జరుగుతుంది. చుట్టాక ట్యూనర్ చూసుకోకుండా రికార్డు చేశారో అయిపోయారు, ఒకసారి నాకు జరిగింది. వెల్‌క్రోకు నూలు పోగులు పట్టి అంచు లేస్తోంది, పాత టూత్‌బ్రష్‌తో గీకితే మళ్లీ కొన్నాళ్లు పట్టుకుంటుంది.

కొనాలా వద్దా అంటే, నాది 9 గేజ్ (సన్న) తీగల గిటార్, యాక్షన్, అంటే మెడ మీద తీగల ఎత్తు, బాగా తక్కువ, ఎక్కువగా హెడ్‌ఫోన్స్‌లో గెయిన్ పెట్టుకుని ఒక్కణ్నే వాయిస్తాను, ఆ లెక్కన చదవండి. రెండు చేతుల వేళ్లతోనూ మెడ మీద తీగలను కొట్టి వాయించే ట్యాపింగ్ చేసేవాళ్లకు ఇది దాదాపు తప్పనిసరి, అక్కడ మ్యూట్ చేయడానికి చేయి ఖాళీ ఉండదు. రికార్డింగ్‌లో వాడటం మోసమేమీ కాదు, ఆరితేరిన వాళ్లే వాడతారు. లెగాటో ఇప్పుడే మొదలుపెట్టిన వాళ్లకు మాత్రం నేను మొదట చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను. వారంలో ఒకటి రెండు రోజులైనా పట్టీ తీసేసి వాయించే ఓపిక ఉంటే కొనండి. నాకైతే ఆ ఓపిక తన్నులు తిన్నాకే వచ్చింది. నా మాట విని కొన్న ఇద్దరిలో ఒకడు మొదటినుంచీ తీసి తీసి వాయిస్తున్నాడని మొన్న తెలిసింది, వాడికి ఈ గొడవే లేదు.

ప్రస్తుతం పట్టీ నట్ వెనకే ఉంటోంది, అక్కడుంటే నట్‌కూ కీలకూ మధ్య మిగిలిన తీగ ముక్కలు సన్నగా మోగకుండా ఆపుతుంది. ముందుకు లాగేది ట్యాపింగ్ ఉన్న పాటలకే. ఆ సి మైనర్ సోలో మాత్రం మళ్లీ వాయించి పంపాను, పట్టీ లేకుండానే. బి తీగ దగ్గర ఒక్కచోట ఇంకా సన్నగా మోగుతోంది, వాడు గమనించలేదు, నేను చెప్పలేదు.