ముంబై షేర్డ్ హోస్టింగ్ మీద అయిదేళ్ళు: చిన్న సైటుకి ఏది సరిపోయింది, ఏది ఇబ్బంది పెట్టింది

సైటు వివరం ముందు చెప్పాలి. విశాఖ ద్వారకా నగర్‌లో కార్లు తిప్పే ఒక ట్రావెల్స్ సైటు ఇది. అరకు, బొర్రా గుహలు, లంబసింగి ట్రిప్పుల పేజీలు, బోలెడన్ని ఫొటోలు, ఒక బుకింగ్ ఫారం ఉన్నాయి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నడుస్తుంది, వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్) మీద కట్టింది. ముంబై డేటా సెంటర్‌లో సీ-ప్యానెల్ (సైటుని నడిపించుకునే కంట్రోల్ పేజీ) ఉన్న షేర్డ్ హోస్టింగ్, అంటే ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునే ప్లాన్. మొదట మూడేళ్ళకి ఒకేసారి కట్టాం, ఆ తర్వాత రెండుసార్లు ఏడాది చొప్పున రెన్యువల్ చేశాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోపాల్లో చాలావరకు ఆ ధరలో దొరికే ప్లాన్లన్నిట్లోనూ ఉంటాయి.

ధర దగ్గరే మొదటి చిక్కు. బోర్డు మీద నెలకి 149 రూపాయలు. మూడేళ్ళకి 5,364, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 6,330. రెన్యువల్ ధర నెలకి 399. ఏడాదికి జీఎస్టీతో 5,650. అంటే మొదటి మూడేళ్ళకి అయిన ఖర్చు దాదాపు ఒక్క ఏడాదికే అవుతోంది. ఇందులో మోసమేమీ లేదు, కార్ట్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ముందే రాసి ఉంది. పోల్చుకునేటప్పుడు మాత్రం రెన్యువల్ ధరలే పక్కపక్కన పెట్టుకుని చూడాలి. వ్యాపారానికైతే కొనేటప్పుడే జీఎస్టీ నంబరు ఎక్కించండి. బిల్లు వచ్చాక మార్పించడం పెద్ద తలనొప్పి.

అసలు సంగతి 'అన్‌లిమిటెడ్' అన్న మాట వెనక ఉంది. డిస్కుకి, బ్యాండ్‌విడ్త్‌కి హద్దు లేదంటారు. హద్దులు వేరేచోట పెడతారు. ఒకటి ఎంట్రీ ప్రాసెస్‌లు. ఒకే క్షణంలో ఎన్ని పేజీల్ని పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్‌ని నడిపే ప్రోగ్రామింగ్ భాష) తయారుచేయగలదో చెప్పే లెక్క ఇది. మా ప్లాన్‌లో 20. పేజీ అర సెకనులో తయారైతే సెకనుకి 40 మందికి సర్దుతుంది. అదే పేజీకి 4 సెకన్లు పడితే సెకనుకి అయిదుగురే. జనం అంతకు మించి వస్తూనే ఉంటే కొందరికి 508 ఎర్రర్, 'రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్' అని. డిసెంబర్‌లో అరకు సీజన్ శనివారాల్లో ఇదే జరిగింది. ప్లాన్ పెంచుకోమని సపోర్ట్ వాళ్ళ సలహా. సీ-ప్యానెల్‌లో 'రిసోర్స్ యూసేజ్' గ్రాఫ్, పక్కన యాక్సెస్ లాగ్ (ఎవరెవరు ఏ పేజీ అడిగారో రాసుండే ఫైలు) తెరిస్తే అసలు కారణం దొరికింది: జనం కన్నా ఎక్కువగా లాగిన్ పేజీనీ, ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ ఫైలునీ (బయటి ప్రోగ్రాములు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే దారి) బాదుతున్న బాట్లు, అంటే మనుషులు కాని ప్రోగ్రాములు. ఆ ఫైలుని మూసేసి, లాగిన్‌కి అడ్డుకట్ట వేసి, పేజీ క్యాష్ (తయారైన పేజీని దాచుకుని మళ్ళీ అదే చూపించేది) పెట్టాం. ఎవరైనా పేజీ తెరిచినప్పుడల్లా లేచే వర్డ్‌ప్రెస్ క్రాన్‌ని (వేళకి చేయాల్సిన పనుల్ని నడిపేది) ఆపి, సీ-ప్యానెల్ నుంచి 15 నిమిషాలకొకసారి నడిచేలా మార్చాం. తర్వాతి డిసెంబర్ అదే ప్లాన్ మీద 508 లేకుండా గడిచింది. క్యాష్‌లో ఉన్న పేజీ పీహెచ్‌పీ దాకా వెళ్ళదు కాబట్టి ఆ 20 లెక్కలోకి రాదు.

రెండో హద్దు ఐనోడ్‌లు, అంటే ఫైళ్ళ సంఖ్య. జీబీలు మిగిలే ఉంటాయి, ఫైళ్ళు మాత్రం నిండిపోతాయి. వర్డ్‌ప్రెస్‌లో ఒక పెద్ద ఫొటో ఎక్కిస్తే అసలుది, కుదించినది, ఆరు సైజుల కాపీలు కలిపి ఎనిమిది ఫైళ్ళు తయారవుతాయి. థీమ్ తన సైజులు కలిపితే ఇంకా ఎక్కువ. అంటే 2,000 ఫొటోలకి కనీసం 16,000 ఫైళ్ళు. మెయిల్ బాక్సులో ప్రతి ఉత్తరమూ ఒక ఫైలే. క్యాష్ ఫోల్డర్ సంగతి సరేసరి. ఇందులో అసలు ప్రమాదం వేరే ఉంది. ఐనోడ్‌లు ఒక గీత దాటితే హోస్టింగ్ వాళ్ళ ఆటోమేటిక్ బ్యాకప్ ఆగిపోతుందని చాలా కంపెనీల షరతుల్లో ఉంటుంది. సైటు మామూలుగానే నడుస్తుంటుంది కనుక బ్యాకప్ ఆగిన సంగతి ఎవరికీ తెలియదు.

అందుకే బ్యాకప్ మనది మనకి ఉండాలి. వారానికోసారి మొత్తం, రోజూ డేటాబేస్ (పేజీల్లోని రాతలుండేది ఇందులోనే), రెండూ గూగుల్ డ్రైవ్‌కి వెళ్ళేలా ప్లగిన్ పెట్టాం. మూడు నెలలకోసారి ఒక సబ్‌డొమైన్ (మన డొమైన్ కిందే ఇంకో చిరునామా) మీద దాన్ని తిరిగి ఎక్కించి చూస్తాం. ఎక్కించి చూడని బ్యాకప్‌ని నమ్మకండి.

తెలుగు సైట్ల వాళ్ళు ఇక్కడ ఒకటి గమనించాలి. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ రెండూ డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు. మైఎస్‌క్యూఎల్ 8 నుంచి తీసిన డేటాబేస్‌ని మరియాడీబీ ఉన్న సర్వర్‌లోకి ఎక్కించబోతే 'అన్‌నోన్ కొలేషన్' అని ఆగిపోవచ్చు. కొలేషన్ అంటే అక్షరాల్ని పోల్చి వరసలో పెట్టే పద్ధతి. ఎస్‌క్యూఎల్ ఫైల్లో '0900' ఉన్న కొలేషన్ పేర్లన్నీ 'యూనికోడ్_సీఐ'తో ముగిసే పేరుకి మారిస్తే ఎక్కుతుంది. పాత సైట్ల డేటాబేస్‌లో లాటిన్ టేబుళ్ళు (ఇంగ్లీషు లాంటి భాషల అక్షరాలకే పనికొచ్చే పట్టికలు) ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయే ప్రమాదం ఉంది. ఒకసారి అలా సేవ్ అయిందంటే ఆ అక్షరాలు తిరిగి రావు. అందుకే డొమైన్‌ని కొత్త సర్వర్‌కి తిప్పే ముందు అక్కడ ఒక తెలుగు పేజీని తెరిచి, ఒత్తులు, సున్నలతో సహా సరిచూడండి.

వేగం విషయంలో ఫిర్యాదు లేదు. వైజాగ్ నుంచి ముంబైకి పింగ్ (సందేశం వెళ్ళి తిరిగొచ్చే సమయం) 30-40 మిల్లీసెకన్ల మధ్య వస్తోంది. అమెరికా సర్వర్లకి 200 దాటుతుంది. సర్వర్ ఊళ్ళోనే ఉంటే ఇంకా బాగుంటుందని కొందరు ఆఫీసులోనే మిషను పెట్టుకుంటారు. అది వద్దనే చెబుతాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. ఊరు చీకట్లో ఉన్నా సైటు నిలబడాలంటే సర్వర్ ఊరికి దూరంగానే ఉండాలి. విశాఖలో గూగుల్ డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబర్‌లో ప్రకటించారు, సంతోషమే. షేర్డ్ ప్లాన్ మీదున్న చిన్న సైటుకి మాత్రం దానివల్ల ఇప్పటికిప్పుడు ఒరిగేదేమీ లేదు.

'99.9 శాతం అప్‌టైమ్' అంటే నెలకి 43 నిమిషాలు పడిపోయినా మాట తప్పినట్టు కాదు. తప్పినా తిరిగొచ్చేది ఆ నెల అద్దెలో కొంత క్రెడిట్, అంతే. శనివారం పొద్దున పోయిన బుకింగులకి ఎవరూ జవాబుదారీ కాదు. బయటి మానిటర్ ఒకటి 5 నిమిషాలకొకసారి సైటుని చూసేలా పెట్టండి. అది ఊరికే సర్వర్ పలికిందా అని కాకుండా, పేజీలో 'బుకింగ్' అన్న మాట ఉందా అని చూడాలి. అకౌంట్ ఆపేసినట్టు బోర్డు పెట్టినా సర్వర్ కొన్నిసార్లు 'అంతా బాగుంది' అనే కోడ్ పంపుతుంది.

మెయిల్ మాత్రం ఈ ప్లాన్‌లో అన్నిటికన్నా బలహీనం. ఐపీ అడ్రస్ (నెట్‌లో సర్వర్‌కి ఉండే నంబరు) వందలమందితో పంచుకునేది. అందులో ఒకరు స్పామ్ పంపితే మన బుకింగ్ కన్ఫర్మేషన్లూ స్పామ్‌లో పడతాయి. ఉత్తరం నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ రికార్డులు మూడూ పెట్టాక కొంత మెరుగైంది, పూర్తిగా కాదు. చివరికి మెయిల్‌ని వేరే సర్వీసుకి మార్చి, ఫారం కూడా దాని ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే దారి) ద్వారానే పంపేలా చేశాక కుదుటపడింది.

డొమైన్ (సైటు పేరు) కూడా హోస్టింగ్ కొన్నచోట కొనకండి. 'మొదటి ఏడాది ఉచితం' అన్నా సరే. హోస్టింగ్‌తో గొడవ వచ్చినా డొమైన్ మన చేతిలో ఉంటే ఒక్క ఏ-రికార్డు (ఆ పేరు ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పేది) మార్చి బయటపడొచ్చు. ముందురోజే టీటీఎల్ (పాత రికార్డుని ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 300కి తగ్గించి పెట్టుకుంటే మార్పు నిమిషాల్లో అందుతుంది. పాత అకౌంట్‌ని ఇంకో వారం ఉంచండి. విదేశీ కంపెనీ దగ్గర కొన్నవాళ్ళు ఆటో-రెన్యువల్ మీద భరోసా పెట్టుకోవద్దు. 2021 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధనల వల్ల, ఈ-మాండేట్ (ముందస్తు అనుమతి) నమోదు కాని కార్డు నుంచి డబ్బు దానంతటది కట్ అవదు. డాట్‌కామ్ గడువు దాటి రిడెంప్షన్‌లో (పోయిన పేరుని అదనపు రుసుముతో తిరిగి తీసుకునే దశలో) పడితే మామూలు ధరకి ఎన్నో రెట్లు కట్టాలి.

చిన్న దుకాణానికి, ట్యూషన్ సెంటర్‌కి, ఇలాంటి ట్రావెల్స్‌కి ఈ తరహా ప్లాన్ చాలు. సైట్లోనే డబ్బు కట్టించుకునే దుకాణానికి చాలదు. బుట్ట, చెల్లింపు పేజీలు క్యాష్‌లో ఉండవు కాబట్టి 20 ప్రాసెస్‌లు ఇట్టే నిండిపోతాయి.

కొనేముందు రాత్రి పదకొండింటికి చాట్‌లో అయిదు అడగండి: ఐనోడ్‌లు ఎన్ని, ఎంట్రీ ప్రాసెస్‌లు ఎన్ని, మైఎస్‌క్యూఎలా మరియాడీబీనా, బ్యాకప్ ఎన్ని రోజులది, రెన్యువల్ ఎంత. అంకె చెప్పకుండా లింకు పంపితే ఇంకోచోట చూసుకోండి. డబ్బు వాపసు గడువు 30 రోజులుంటే, మొదటి వారంలోనే సైటుని పూర్తిగా ఎక్కించి, ఒక పేజీ చెరిపేసి, వాళ్ళ బ్యాకప్ నుంచి తిరిగి తెప్పించమని టికెట్ పెట్టండి.