ఏటీవీ వెనక చక్రం కీచు చప్పుడు: వరంగల్ ఆటోనగర్ షెడ్డులో నా అనుభవం

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ఏటీవీ (పొలాల్లో, బురదలో తిరిగే లావు టైర్ల నాలుగు చక్రాల బండి) ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇది పూర్తిగా చదవండి. ముఖ్యంగా వెనక చక్రం దగ్గర కీచు కీచుమని చప్పుడొస్తూ, ఎవరిని అడిగినా "బేరింగ్ పోయింది, మార్చాలి" అంటుంటే తప్పకుండా చదవండి. నేను ఆ మాట నమ్మి ఒకసారి 2,800 రూపాయలు పెట్టాను. చప్పుడు వారం ఆగి మళ్లీ మొదలైంది. రెండోసారి ఆటోనగర్‌లో ఒక చిన్న రేకుల షెడ్డుకు తీసుకెళ్తే 1,350లో అసలు రోగం దొరికింది, దాంతో పాటు నేను ఊహించని ఇంకో ప్రమాదం కూడా బయటపడింది.

మాకు నర్సంపేట దాటాక పాకాల ఆయకట్టులో కొంచెం వరి పొలం, దాని పైన మిర్చి వేసే చెలక ఉన్నాయి. బాపుకు మోకాళ్ల నొప్పులు, గట్ల మీద ఎక్కువసేపు నడవలేడు. అందుకని రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో 125 సీసీ ఏటీవీ కొన్నాం. మందు డబ్బాలు, పైపులు, యూరియా బస్తా, ఏదైనా వెనక క్యారియర్ మీద పెట్టుకుని పొలమంతా తిరుగుతాడు. పోయిన నాట్లప్పుడు ఈ చప్పుడు మొదలైంది. మొదట్లో బండి నిదానంగా పోతున్నప్పుడు మాత్రమే, ఎడమ వెనక చక్రం వైపు నుంచి పిట్ట అరిచినట్టు సన్నగా వచ్చేది. పదిరోజులు తిరిగేసరికి బాపు బావి దగ్గర బయలుదేరితే మాకు ఇంట్లోకి వినిపించేంత అయింది.

ముందు దగ్గర్లో ఉన్న ఒక బైక్ రిపేర్ షాపుకు ఇచ్చాం. అక్కడ బండిని ఒక్క అడుగు కూడా నడిపి చూడలేదు. చప్పుడు వెనక నుంచి అనగానే బేరింగులు అన్నారు, రెండు బేరింగులు, సీళ్లు మార్చారు, సాయంత్రానికి బండి ఇచ్చేశారు. నిజంగానే చప్పుడు పోయింది. మేం కూడా సంతోషపడ్డాం. సరిగ్గా ఎనిమిదో రోజు బాపు ఫోన్ చేసి "మళ్ల మొదలైంది బిడ్డా" అన్నాడు. వెళ్లి అడిగితే యాక్సిల్ (రెండు చక్రాలను కలిపే ఇనుప కడ్డీ) మొత్తం మార్చాలి, హైదరాబాద్ నుంచి తెప్పించాలి, పది పన్నెండు వేలు అవుతుంది అన్నారు. అప్పుడు టెన్షన్ మొదలైంది. మా తమ్ముడి దోస్తు ఒకతను ఈ ఆటోనగర్ షెడ్డు గురించి చెప్పాడు. ఏటీవీకి రిజిస్ట్రేషన్ లేదు, రోడ్డు మీద నడపకూడదు కాబట్టి టాటా ఏస్ మాట్లాడుకుని ఎక్కించుకుని పోయాం. పోను రాను 2,400 కిరాయి, అది వేరే ఖర్చు.

షెడ్డు చూస్తే మొదట నాకు నమ్మకం కుదరలేదు. బోర్డు లేదు, ముందర విప్పేసిన ఆటోలు, ఒక పాత ట్రాక్టర్ గేర్ బాక్స్, కుర్చీ కూడా లేదు. ఉస్తాద్‌కు యాభై దాటి ఉంటాయి. బండి దించగానే పానా పట్టుకోలేదు, నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. చప్పుడు బండి తిప్పినప్పుడా, తిన్నగా పోయినప్పుడా? బ్రేక్ మీద కాలు పెడితే పెరుగుతుందా, తగ్గుతుందా? పొద్దున స్టార్ట్ చేయంగనే వస్తుందా, కొంచెం దూరం పోయాకనా? బురదలోకి పోయొచ్చిన రోజు ఎక్కువా? సగం ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు, బాపుకు ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశాను. బాపు అన్నిటికీ టకటకా చెప్పాడు, ఎందుకంటే రోజూ నడిపేది ఆయనే. బ్రేక్ కొంచెం నొక్కితే చప్పుడు ఆగుతుంది అని బాపు చెప్పగానే ఉస్తాద్ తల ఊపి, "బేరింగ్ పోతే గిట్ల కీచుమనది సారు, గుర్రుమని గురక పెట్టినట్టొస్తది. ముందు ఇనాలె, తర్వాత ఇప్పాలె" అన్నాడు.

తర్వాత ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, షెడ్డు పోరడితో బండిని మెల్లగా తోయించాడు. ఎడమ టైరు మీద సుద్దముక్కతో ఒక గీత గీశాడు. నన్ను పక్కనే నడవమన్నాడు. గీత పైకి వచ్చిన ప్రతిసారీ కీచ్, మళ్లీ ఒక చుట్టు తిరిగి గీత పైకి రాగానే కీచ్. చక్రం ఒక్కసారి తిరిగితే చప్పుడు ఒక్కసారే వస్తుంది. చెయిన్ ఎండిపోయి వచ్చే చప్పుడైతే ఇట్లా చక్రం లెక్కకు సరిపోదు, ఎడాపెడా వస్తుంది అని చెప్పాడు. ఇంత చిన్న పరీక్షకు ఒక్క పైసా ఖర్చు లేదు, ఇంట్లో మనమే చేసుకోవచ్చు. నాకు మొదటి షాపులో ఎవరూ ఎందుకు చేయలేదా అని అప్పుడు చాలా బాధ అనిపించింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా బండిలాంటి చిన్న ఏటీవీల్లో వెనక రెండు చక్రాలకు కలిపి ఒకటే ఇనుప యాక్సిల్ ఉంటుంది, కారులో ఉన్నట్టు రెండు చక్రాలను వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. ఒక చక్రం తిరిగితే రెండోది కూడా తిరగాల్సిందే. వెనక బ్రేక్‌కు కూడా చక్రానికొక డిస్క్ ఉండదు, యాక్సిల్ మీద ఒకే ఒక్క డిస్క్ ఉంటుంది, ఒకవైపు అది, ఇంకోవైపు చెయిన్ స్ప్రాకెట్. అందుకే చప్పుడు ఎడమవైపు వినిపించినంత మాత్రాన రోగం ఎడమ చక్రంలో ఉన్నట్టు కాదు, ఇనుములో చప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది.

ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక జాకీ ఎక్కించి, కింద చెక్క దిమ్మెలు పెట్టాడు. ఒక పొడుగు స్క్రూ డ్రైవర్ తీసుకుని మొనను బేరింగ్ ఉండే గూడు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, పోరడిని చక్రం తిప్పమన్నాడు. తర్వాత నా చెవికి పెట్టాడు. లోపల సన్నగా, ఒకే తీరుగా సుయ్‌మని తిరుగుతోంది, గరగర ఏమీ లేదు. అదే మొన డిస్క్ బ్రేక్ కాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ను రెండువైపులా నొక్కి ఆపే భాగం) మీద పెట్టగానే కీచుమనే చప్పుడు చెవిలో గుచ్చినట్టు వినిపించింది. అయినా ఆయన అక్కడితో ఆగలేదు. ముందు చెయిన్ తీసి తిప్పాడు, చప్పుడు అట్లనే ఉంది. తర్వాత కాలిపర్ రెండు బోల్టులు విప్పి పక్కన వేలాడదీసి తిప్పాడు. ఏ చప్పుడూ లేదు. చక్రం గాలిలో తిరుగుతూనే ఉంది, దానంతట అదే ఆగేదాకా మేం ముగ్గురం నిలబడి చూశాం.

కాలిపర్ లోంచి ప్యాడ్లు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఒకటి ఇంకా మందంగానే ఉంది, రెండోది దాదాపు అట్టముక్కంత పలచగా అరిగిపోయి, పైన అద్దంలా మెరుస్తోంది. రెండూ ఒకే రోజు వేసినవి, ఇంత తేడా ఎందుకు వచ్చిందంటే కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బ్రేక్ వదిలినా ఒక ప్యాడ్ వెనక్కి రాకుండా డిస్క్‌ను రాసుకుంటూనే ఉంది. డిస్క్ కూడా రవ్వంత వంకర ఉంది, అందుకే చుట్టుకొకసారి గట్టిగా తగిలి కీచుమంటోంది. డిస్క్ పక్కన ఒక తీగ ముక్కను కదలకుండా కట్టి, చక్రం తిప్పి ఆ సందు ఎంత మారుతోందో చూపించాడు. ఈ కొంచెం వంకరకు డిస్క్ మార్చక్కర్లేదు, పిన్ను ఫ్రీ అయితే ప్యాడ్లు దాన్ని సర్దుకుంటాయి అన్నాడు.

మరి బేరింగులు మార్చినప్పుడు వారం రోజులు చప్పుడు ఎందుకు ఆగింది అని అడిగాను. బేరింగు తీయాలంటే కాలిపర్ విప్పాల్సిందే. విప్పినప్పుడు ప్యాడ్లు వెనక్కి నెట్టారు, పిన్ను కొంచెం కదిలింది, అందుకే నాలుగు రోజులు బాగున్నట్టు అనిపించింది, మళ్లీ బురద తగలగానే బిగుసుకుంది. పాత బేరింగులు నేను కవర్లో వేసుకుని తెచ్చాను. 6205 2ఆర్ఎస్ అని రాసి ఉంది. చివరి 05ను ఐదుతో గుణిస్తే 25, అంటే యాక్సిల్ పట్టే రంధ్రం 25 మిల్లీమీటర్లు, 2ఆర్ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నది అని చెప్పాడు. ఒకదాన్ని వేలి మీద పెట్టి తిప్పాడు, ఎక్కడా తట్టుకోకుండా తిరిగింది. "మంచిగున్నయి తీసిన్రు" అన్నాడు, అంతకు మించి ఎవరినీ ఒక్క మాట అనలేదు.

రోగం దొరికింది, ఇక అయిపోయింది అనుకున్నాను. ఆయన మాత్రం చక్రాన్ని పైన కింద రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. కట్ కట్‌మంది. ఇది గుర్తుపెట్టుకోండి: ఊపినప్పుడు యాక్సిల్ కూడా చక్రంతో పాటు కదిలితే లోపలి బేరింగుల లూజు, యాక్సిల్ కదలకుండా చక్రం ఒక్కటే కదిలితే హబ్ (చక్రాన్ని యాక్సిల్‌కు పట్టి ఉంచే భాగం) లూజు. మాది రెండోది. హబ్ మూత తీస్తే పెద్ద నట్టు చేత్తో తిరిగేంత లూజుగా ఉంది. నట్టు తిరగకుండా ఆపే స్ప్లిట్ పిన్ ఉండాల్సిన చోట బైండింగ్ తీగ మెలితిప్పి పెట్టారు. హబ్ పళ్ల చుట్టూ ఇటుక పొడి లాంటి ఎర్ర పొడి గ్రీజులో కలిసి కనిపించింది. లూజుగా ఉన్న ఇనుము ఇనుముతో రాసుకుంటే వచ్చే పొడి అది. ఆ తీగ తెగితే నట్టు ఊడిపోతుంది, నట్టు ఊడితే చక్రం బయటికొస్తుంది. అరవై ఏడేళ్ల మనిషి యూరియా బస్తా వేసుకుని కాల్వ గట్టు మీద పోతున్నప్పుడు అది జరిగితే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు అవుతుంది. పది రూపాయల స్ప్లిట్ పిన్ అది.

హబ్ తీసి పళ్లు శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, నట్టు పొడుగు రాడ్‌తో బిగించాడు. పిన్ను రంధ్రం కుదరకపోతే ఇంకొంచెం బిగించి కలపాలే తప్ప వెనక్కి లూజు చేసి కలపకూడదు అని పోరడికి చెప్తుంటే నేనూ విన్నాను. స్లైడ్ పిన్నును గరుకు కాగితంతో రుద్ది, కొత్త రబ్బరు తొడుగులు వేసి, బ్రేకులకు వాడే వేరే గ్రీజు పెట్టాడు. మామూలు గ్రీజు పెడితే ఆ రబ్బరు ఉబ్బి మళ్లీ పిన్ను పట్టేస్తుందట.

బిల్లు: ప్యాడ్లు 480, రబ్బర్లు 90, స్ప్లిట్ పిన్, గ్రీజు, క్లీనర్ కలిపి 80, కూలి 700.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఏటీవీ సామాన్లు ఆయన దగ్గర ఏవీ ఉండవు, పాత ప్యాడ్ చేతికిచ్చి స్పేర్ పార్ట్స్ షాపులకు మనల్నే పంపుతాడు. నాకు మూడో షాపులో దొరికింది, దానికే గంటన్నర పట్టింది. ఫోన్ ఎత్తడు. పక్కా బిల్లు కావాలంటే ఇవ్వడు, చిట్టీ మీద రాసిస్తాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజ్‌కు మూసేస్తాడు, పొద్దున పదిలోపు పోతేనే అదే రోజు పని అవుతుంది. కూర్చోవడానికి చోటు లేదు కాబట్టి పెద్దవాళ్లను తీసుకుపోకండి. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లినా మర్యాదగానే మాట్లాడతాడు, నేను ఉన్నప్పుడే ఒకామె స్కూటీ తెచ్చింది, ఆమెకు కూడా విప్పిన సామాను చూపించే చెప్పాడు.

నాకు రెండు విషయాల్లో గట్టిగానే చీవాట్లు పడ్డాయి. ఒకటి, పొలం నుంచి రాగానే వాటర్ సర్వీసింగ్ ప్రెషర్ పైపుతో యాక్సిల్ మీద, బ్రేక్ మీద కొట్టడం. ఆ ఒత్తిడికి నీళ్లు సీలు దాటి లోపలికి పోతాయి. మా దగ్గర నల్లరేగడి మట్టి ఎండితే సిమెంటు అయితది, అందుకని తడిగా ఉన్నప్పుడే బకెట్ నీళ్లు పోసి కడగమన్నాడు. రెండోది గాలి. మేం బైకుకు కొట్టినట్టు 25 కొట్టిస్తున్నాం. ఈ లావు టైర్లకు ఐదు పీఎస్ఐ చుట్టుపక్కలే ఉంటుంది, టైరు పక్కన రాసే ఉంటుంది చూసుకోమన్నాడు. టైరు రాయిలా ఉంటే ప్రతి గుంత దెబ్బా హబ్ మీదే పడుతుంది. చప్పుడు వస్తోందని డిస్క్ మీద ఆయిల్ గానీ తుప్పు వదిలే స్ప్రే గానీ కొట్టొద్దని మరీ మరీ చెప్పాడు, చప్పుడు పోతుంది, దాంతో పాటు బ్రేక్ కూడా పోతుంది.

బండి తెచ్చి ఇప్పటికి ఆరు వారాలు. మధ్యలో రెండు పెద్ద వానలు పడ్డాయి, బురదలో రోజూ తిరుగుతోంది, కీచుమన్నది లేదు. ఆ షెడ్డుకు నా తరఫున ఐదుకు నాలుగున్నర, ఆ అర కూడా సామాను కోసం తిరగాల్సి వచ్చినందుకే తీసేశాను. ఆదివారం ఆదివారం హబ్ మూత తీసి స్ప్లిట్ పిన్ చూసుకోవడం నేను అలవాటు చేసుకున్నాను, రెండు నిమిషాల పని. బాపు పక్కనే నిలబడి టార్చ్ పడతాడు.