ఇల్ ఓ సెర్ఫ్‌కి రెండుసార్లు: కాటమరాన్‌లో ఒకసారి, ఫెర్రీలో ఒకసారి

మారిషస్ తూర్పు తీరాన ట్రూ డో డూస్ అనే ఊరి జెట్టీ మీద నిలబడి మా అత్తయ్య అడిగిన మొదటి మాట, "అమ్మాయ్, ఇందులోకి ఎక్కేదెలా?" అని. ఇల్ ఓ సెర్ఫ్ అనే చిన్న దీవికి మమ్మల్ని తీసుకెళ్లే కాటమరాన్, అంటే తెరచాప ఉండే జంట పడవ, జెట్టీని ఆనుకుని లేదు. కొంచెం దూరంలో లంగరేసి ఉంది. చిన్న మోటారు పడవలో అక్కడిదాకా తీసుకెళ్లి, వెనకవైపున్న నిచ్చెన మీదుగా ఎక్కిస్తారు. ఆ పడవ ఒక తీరున ఊగుతుంటే ఇది ఇంకో తీరున ఊగుతుంది. అత్తయ్యకి 67 ఏళ్లు, కుడి మోకాలు నొప్పి. పడవవాళ్లిద్దరు చెరో చెయ్యీ పట్టుకుని జాగ్రత్తగానే ఎక్కించారు. కానీ ఈ సంగతి మేం బుక్ చేసిన రోజే అడగాల్సింది. ధర అడిగాం, భోజనం అడిగాం, ఎన్ని గంటలని అడిగాం. ఎక్కడం, దిగడం గురించి అడగలేదు. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు మొదట అడగాల్సింది అదే.

కాకినాడ నుంచి దసరా సెలవుల్లో మారిషస్ వెళ్లాం. నేను, మా వారు, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, అత్తయ్య. ముంబై నుంచి విమానంలో ఆరు గంటల పైచిలుకు ప్రయాణం. మనవాళ్లకి ముందుగా వీసా తీసుకోవాల్సిన పని లేదు. గడియారం మనకంటే గంటన్నర వెనక. మనకి వానాకాలం ముగుస్తున్నప్పుడు అక్కడ చలికాలం పోయి ఎండ మొదలవుతుంది, ఆ రోజులు తిరగడానికి చాలా హాయిగా ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా తుఫాన్ల కాలం కాబట్టి పడవ ప్రయాణం కోసమే వెళ్లేవాళ్లు ఆ నెలలు పెట్టుకోకపోవడం మంచిది.

మొత్తం ఆరు రాత్రులు. మొదటి మూడు ఉత్తరాన గ్రాండ్ బేలో, తర్వాతి మూడు తూర్పున ట్రూ డో డూస్‌లో ఉన్నాం. గ్రాండ్ బే సందడి ఊరు. దుకాణాలు, హోటళ్లు, మన భోజనం దొరికే చోట్లు అన్నీ నడిచి వెళ్లేంత దగ్గర. ట్రూ డో డూస్ చేపలు పట్టేవాళ్ల ఊరు. సాయంత్రం ఏడు దాటితే వీధిలో మనిషి కనపడడు. అక్కడ వంటగది ఉన్న గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. అత్తయ్య రెండు పూటలా పప్పు, అన్నం వండుకున్నారు. నన్నడిగితే, ఇల్ ఓ సెర్ఫ్ చూడ్డమే ముఖ్యం అనుకునేవాళ్లు తూర్పునే దిగాలి. మేం కాటమరాన్‌ని గ్రాండ్ బే నుంచి బుక్ చేసుకుని పొరపాటు చేశాం. ఉదయం ఏడుంబావుకి వస్తానన్న వ్యాను ఎనిమిదింటికి వచ్చింది. దార్లో ఇంకో మూడు హోటళ్ల దగ్గర ఆగింది. జెట్టీ చేరేసరికి తొమ్మిదిన్నర. పిల్లాడికి అప్పటికే ఆకలి. అదే ట్రూ డో డూస్‌లో ఉంటే టిఫిన్ చేసి పది నిమిషాలు నడిస్తే సరిపోయేది.

కాటమరాన్ అనే మాట మన తీరం నుంచే వెళ్లింది. తమిళంలో కట్టుమరం అంటే కట్టిన మాను. మన ఉత్తరాంధ్ర బెస్తలు తెప్ప అనేది కూడా దుంగలు కలిపి కట్టిన పడవనే. ఇంగ్లీషువాళ్లు ఆ పేరు పట్టుకెళ్లి, పసిఫిక్ దీవులవాళ్ల జంట పడవ లాంటి దానికి పెట్టారు. ఈ రోజుల్లో టూరిస్టులు ఎక్కేది ఫైబర్‌తో చేసిన రెండు పొడుగాటి పడవల మధ్య వెడల్పాటి బల్ల పరిచినట్టు ఉంటుంది. ముందువైపు బల్ల బదులు గట్టి వల కట్టి ఉంటుంది. దాని మీద పడుకుంటే కింద నీళ్లు పరిగెత్తడం కనిపిస్తుంది. మా అబ్బాయి రోజంతా ఆ వల మీదే ఉన్నాడు. ఈ తరహా పడవ ఒక పక్కకి ఒరిగిపోదు, అందుకని కడుపులో తిప్పడం తక్కువ. అయినా మా వారు బయల్దేరే ముందే మాత్ర వేసుకున్నారు, మంచిదైంది. ఎందుకంటే పొద్దున దక్షిణానికి వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లాలి.

ఇది నాకు అక్కడికి వెళ్లాకే అర్థమైంది. ఆ తూర్పు తీరానికి ఏడాదిలో ఎక్కువ కాలం ఆగ్నేయం నుంచి గాలి వీస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇంకా జోరు. పొద్దున గాలికి ఎదురెళ్తారు కాబట్టి తెరచాప ఎత్తరు, ఇంజిన్ మీదే పోతారు. ముందు కూర్చున్నవాళ్లు నిలువునా తడుస్తారు. సాయంత్రం అదే గాలి వెనకనుంచి తోస్తుంది, అప్పుడు చాప ఎత్తుతారు. ఎండాకాలమే కదా అనుకుని పిల్లాడికి పల్చటి చొక్కా వేశాను, పదకొండింటికల్లా వణికాడు. ఒక మందపాటి తువ్వాలు, గాలి ఆపే జాకెట్ ఒకటి తప్పకుండా ఉండాలి.

మొదటి మజిలీ స్నార్కెలింగ్, అంటే మాస్కు పెట్టుకుని నీళ్లలో తేలుతూ అడుగున ఉన్నవి చూడ్డం. మారిషస్ చుట్టూ దాదాపు 150 కిలోమీటర్ల పొడవున పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. పెద్ద అలలు దాని మీదే విరిగిపోతాయి. లోపలి నీళ్లు మన కోనేరులా నిలకడగా ఉంటాయి. మాస్కులు వాళ్లే ఇచ్చారు, కానీ పిల్లల కొలతవి రెండే ఉన్నాయి, పిల్లలు ఐదుగురు. వంతులవారీగా దిగారు. చేపలు బాగానే కనిపించాయి, పసుపు నలుపు చారలవి, నీలంవి. పగడాలు మాత్రం చాలాచోట్ల పాలిపోయి, విరిగి ఉన్నాయి. నాకు మనసు చివుక్కుమంది. ఒకాయన వాటి మీదే నిలబడి ఫొటో తీయించుకుంటుంటే పడవవాళ్లు కేకేసి దింపారు, అది మాత్రం నాకు నచ్చింది. అడుగున ముళ్ల జీవాలు ఉంటాయి కాబట్టి నీళ్లలో వేసుకునే బూట్లు కొనుక్కెళ్లండి. పగడాలు చూడ్డం కోసమే అయితే దక్షిణాన బ్లూ బే మెరైన్ పార్కుకి వెళ్లడం మేలు. అక్కడ అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కితే ఈత రానివాళ్లూ కూర్చున్న చోటునుంచే చూడొచ్చు. తర్వాతి రోజు అత్తయ్యని అక్కడికి తీసుకెళ్తే గంటసేపు తల ఎత్తలేదు.

తర్వాత పారాసెయిలింగ్, అంటే పడవ లాగుతుంటే పారాచూట్‌కి వేలాడుతూ గాల్లో తేలడం. ఇది ప్యాకేజీలో లేదు, విడిగా డబ్బు కట్టాలి. దిబ్బకి లోపలున్న ఆ నిలకడ నీళ్ల మధ్యలో తేలే బల్ల ఉంటుంది, కావాల్సినవాళ్లు అక్కడ దిగుతారు. మా పడవలో ముప్ఫై అయిదు మందిలో ఎనిమిది మంది దిగారు. మిగతా అందరం వాళ్లకోసం నలభై నిమిషాలు ఎదురుచూశాం. ఆ నలభై నిమిషాలూ చివరికి దీవిలో మాకు తగ్గిపోయాయి. డబ్బు వాళ్లది, సమయం అందరిదీ అయింది. ముందే చెప్పి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

గ్రాండ్ రివియేర్ సూద్ ఎస్ట్ అనే నది సముద్రంలో కలిసే చోట జలపాతం ఉంది. దాని గురించి ఆశలు ఎక్కువ పెట్టుకోవద్దు. అరకు దగ్గర కటికి చూసినవాళ్లకి అది చిన్నది. కానీ అక్కడికి వెళ్లే దారి బాగుంటుంది, రెండు పక్కలా పచ్చటి కొండ, కొమ్మల మీద కోతులు. ఏడెనిమిది పడవలు ఒకేసారి ఇరుకులో చేరి, ఒకటి ఫొటో తీసుకుని వెనక్కి తగ్గితే ఇంకోటి ముందుకొస్తుంది. పావుగంటలో అయిపోయింది.

భోజనం దగ్గర గట్టి దెబ్బే తగిలింది. ఆ రోజు శనివారం, అత్తయ్య నీచు ముట్టరు. బుకింగ్ చేసినాయన "వెజ్ విడిగా ఉంటుంది మేడమ్, టెన్షన్ పడకండి" అన్నాడు. పడవలో ఒకటే గ్రిల్. చేప, కోడి కాల్చిన దాని మీదే నాలుగు కూరగాయ ముక్కలు వేసి ఇచ్చారు. అత్తయ్య చూసి పళ్లెం పక్కన పెట్టేశారు. బ్రెడ్డు, కీరా ముక్కలు, రెండు అరటిపళ్లు తిన్నారు. మనిషికి 2,000 మారిషస్ రూపాయలు పెట్టాం. అక్కడి రూపాయి మన రెండు రూపాయలకి కొంచెం తక్కువ. మా ముగ్గురికీ చేప బాగుంది, ఆ మాట చెప్పాలి, పైన నిమ్మరసం పిండి, వేడివేడిగా పెట్టారు. కానీ ఒక పెద్దావిడ రోజంతా ఎండలో అరటిపండు మీద ఉన్నప్పుడు ఆ చేప రుచి నాకు దిగలేదు. శాకాహారులుంటే వెజ్ దొరుకుతుందా అని అడిగితే చాలదు. విడిగా వండుతారా, మా డబ్బా మేం తెచ్చుకోవచ్చా అని అడగండి. మర్నాడు ఫ్లాక్ అనే ఊళ్లో ఆదివారం సంతలో ధోల్ పూరీ తిన్నాక నాకు అనిపించింది, నాలుగు కట్టించుకుని పడవెక్కితే సరిపోయేది కదా అని. అది లోపల శనగపప్పు పొడి పెట్టిన మెత్తటి రొట్టె, చిక్కుడు గింజల కూరతో చుట్టి ఇస్తారు. అక్కడి గాతో పిమాఁ అచ్చం మన పప్పు వడే.

అత్తయ్య తినకపోవడం చూసి పడవలో పనిచేసే ఒక పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నారు. ఎక్కణ్ణుంచి అని అడిగారు. ఆంధ్ర అనగానే గుండె మీద చెయ్యి పెట్టుకుని "కోరంగి" అన్నారు. అత్తయ్య పుట్టిల్లు తాళ్లరేవు. కోరంగి వాళ్ల పక్క ఊరు! బానిసత్వం రద్దయ్యాక 1830ల్లో చెరుకు తోటల్లో పనికి మన మనుషుల్ని ఓడలెక్కించిన రేవుల్లో కోరంగి ఒకటి. అందుకే మారిషస్‌లో తెలుగువాళ్లకి కోరంగివాళ్లనే పేరు నిలిచింది. 1839 తుఫానుకి ఆ రేవు పట్నం తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు మనకి కోరంగి అంటే మడ అడవి, బోటు షికారు. అక్కడ మాత్రం అది ఇంకా మనుషుల పేరు. ఆయనకి తెలుగు మాటలు రావు. రామ భజనలో పాడేవి, అమ్మోరు పండగ, సింహాద్రి అప్పన్న, ఇవి మాత్రం స్పష్టంగా పలికారు. అత్తయ్య అప్పన్న పేరు వినగానే రెండు చేతులూ జోడించారు. మధ్యలో మా వారు ఇంగ్లీషులో అనువాదం చేస్తున్నారు. ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు ఉందని, బడుల్లో తెలుగు చెబుతారని తెలిసి ఆవిడ నమ్మలేక నన్ను రెండుసార్లు అడిగారు.

ఇల్ ఓ సెర్ఫ్ అంటే జింకల దీవి. జింకలు ఇప్పుడు అక్కడ లేవు. 1639లో డచ్చివాళ్లు జావా నుంచి మారిషస్‌కి జింకల్ని తెచ్చారు. ఇప్పుడు ఆ దీవిలో చాలా భాగం 18 హోల్స్ గోల్ఫ్ మైదానం. దిగే చోట బీచ్ కిక్కిరిసి ఉంది. పడవలు, కుర్చీల అద్దె, పాటలు. మాకిచ్చింది గంటా పది నిమిషాలు. అదే మాకు పెద్ద నిరాశ. రోజంతా ఏ బీచ్ కోసం బయల్దేరామో ఆ బీచ్‌లో అంతసేపే ఉన్నాం. ఇసుక తెల్లగా, పిండిలా ఉంది. నీళ్లు మోకాలి లోతు నుంచి నడుము లోతుకి చాలా నెమ్మదిగా పెరుగుతాయి, పిల్లలకి భయం లేదు. దిగిన చోటు నుంచి ఒడ్డు వెంట పది నిమిషాలు నడిస్తే జనం పలచబడతారు. మేం అటు నడిచి, కాళ్లు తడుపుకునేసరికి వెనక్కి రమ్మన్నారు. ఉప్పుకారం, చింతపండు పట్టించిన అనాస ముక్కలు అమ్ముతున్నారు. అత్తయ్యకి ఆ రోజు నోటికి రుచిగా దొరికింది అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో చాప ఎత్తారు. ఇంజిన్ ఆపేశారు. పాటలు కూడా ఎవరో ఆపమన్నట్టున్నారు. నీళ్లు పడవ అడుగుని రాసుకునే చప్పుడు తప్ప ఇంకేం లేదు. లేత ఆకుపచ్చ నుంచి ముదురు నీలానికి రంగు మారే గీత పక్కనే పోతున్నాం, దూరంగా దిబ్బ మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి. ఓ ఇరవై అయిదు నిమిషాలు. నేను 2,000 ఇచ్చింది దానికే అనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటున్నాను. నీళ్లంటే ఇష్టం ఉండి, నిచ్చెన ఎక్కగలిగినవాళ్లు కాటమరాన్ తప్పకుండా ఎక్కాలి. బుక్ చేసే ముందు తెరచాప ఎత్తుతారా, పడవలో ఎంతమంది, దీవిలో ఎంతసేపు అని మూడూ అడిగి మరీ ఎక్కండి.

రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి ట్రూ డో డూస్ నుంచే, మామూలు ఫెర్రీలో. కాటమరాన్‌కి పెట్టిన దాంట్లో మూడో వంతు కూడా కాలేదు. జెట్టీ నుంచి అడుగు తీసి అడుగు వేస్తే పడవలో ఉంటాం, పావుగంట ప్రయాణం. భోజనం ఉండదు, స్నార్కెలింగ్ ఉండదు, జలపాతం ఉండదు. పొద్దున పదింటికే దీవిలో ఉన్నాం, కాటమరాన్ల జనం మధ్యాహ్నం దాటితే గానీ రారు. ఆ రెండు మూడు గంటలు బీచ్ దాదాపు మాదే. అత్తయ్య పులిహోర కలిపి తెచ్చారు. మా అబ్బాయి నీళ్లలోంచి బయటికి రాలేదు.

అక్కడి ఒడ్డున ఉన్నవి కొబ్బరిచెట్ల కంటే సరుగుడు చెట్లే ఎక్కువ. అత్తయ్య ఒక సరుగుడు నీడన చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి, కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నారు. ఉప్పునీళ్లకి మోకాలు హాయిగా ఉందన్నారు. మూడున్నరకి బయల్దేరదామని లేచాం. ఇంకో అరగంట ఉందామన్నారు ఆవిడ. తర్వాతి ఫెర్రీ టైము కనుక్కుని, మేమూ పక్కనే కూర్చున్నాం.