పదకొండేళ్లుగా నా చేతి మీద నడుస్తున్న బీఎండబ్ల్యూ 325ఐ

నా కారు 2003 మోడల్ బీఎండబ్ల్యూ 325ఐ. ఈ46 బాడీ (ఆ తరం 3 సిరీస్‌కి కంపెనీ పెట్టుకున్న కోడు పేరు), ఎం54 అనే ఆరు సిలిండర్ల ఇంజను, అయిదు గేర్ల మాన్యువల్. 2013లో డాలస్‌లో కొన్నప్పుడు 96 వేల మైళ్లు తిరిగి ఉంది, ఇచ్చింది 5,200 డాలర్లు. పదకొండేళ్ల వాడకం తర్వాత మీటరు మీద 1,87,000 మైళ్లు దాటింది. ఇన్నేళ్లలో టైర్లు, వీల్ అలైన్‌మెంట్, ఏసీ గ్యాస్, ఒకసారి ఇంజను లైటు గొడవ, వీటికి తప్ప బండిని బయటి షెడ్డుకి తీసుకెళ్లలేదు. మిగతా పనంతా మా ఇంటి గ్యారేజీలో, శనాదివారాల్లో నేనే చేసుకున్నాను. "పాత జర్మన్ బండి కొనొచ్చా అన్నా, ఇంట్లో బాగుచేసుకోగలమా?" అని ఇక్కడికి కొత్తగా వచ్చిన మన కుర్రాళ్లు తరచూ అడుగుతుంటారు. వాళ్లకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట పెడదామని రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్తాను. కొనొచ్చు, నిక్షేపంగా కొనొచ్చు. కాకపోతే "పార్టు పోయాక చూద్దాంలే" అనుకునే అలవాటు ఉంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి. ఈ బండిలో ఇంజను గట్టిది, గేరుబాక్సు గట్టిది. వాటి చుట్టూ ఉన్న ప్లాస్టిక్కుకి, రబ్బరుకి మాత్రం ఆయుష్షు ఉంటుంది. అది మైళ్ల కంటే వయసుని, వేడిని బట్టే తీరిపోతుంది. తక్కువ తిరిగిన బండి కదా అని మురిసిపోయి కొన్నా, ఇరవయ్యేళ్ల రబ్బరు ఇరవయ్యేళ్ల రబ్బరే. దాన్ని పోకముందే మార్చాలి. నేను నేర్చుకున్న విద్యంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మాది విజయవాడ. నాన్న ఆటోనగర్‌లో లారీల పని చేసేవారు. సెలవుల్లో కిరసనాయిలు తట్టలో బేరింగులు కడగడం నా వంతు. "విప్పిన వరసలోనే పేర్చుకో, బిగించేటప్పుడు వెనక నుంచి రా" అనేవారు. ఆ ఒక్క అలవాటు వేల మైళ్ల దూరంలో ఇప్పటికీ నన్ను కాపాడుతోంది. ఏ పని మొదలుపెట్టినా అట్టముక్క మీద ఆ పార్టు బొమ్మ గీసి, బోల్టు ఎక్కడిదో అక్కడ కన్నం పొడిచి అందులోనే గుచ్చి పెడతాను. ఒకే కవరు పట్టుకునే బోల్టుల్లో రెండు రకాల పొడవులుంటాయి. పొట్టిదాని చోట పొడుగుది పెట్టి బిగిస్తే అల్యూమినియం మర పోతుంది, దాన్ని బాగుచెయ్యడం పెద్ద పని.

ఇక అసలు సంగతి, కూలింగ్. ఈ46 కొన్నవాళ్లు మొట్టమొదట డబ్బు పెట్టాల్సింది దీని మీదే. ఎం54కి బ్లాకు, హెడ్డు రెండూ అల్యూమినియమే. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే హెడ్డు వంగుతుంది, ఒక్కోసారి బ్లాకులో హెడ్ బోల్టుల మరలు కూడా లాగేస్తాయి. పైగా డాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లుని నమ్ముకోవడానికి లేదు. నీళ్లు సుమారు 75 డిగ్రీల నుంచి 115 దాకా ఎక్కడున్నా అది మధ్యలోనే నిలబడుతుంది, అలాగే అమర్చారు. అది కుడివైపు కదిలిందంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట. అసలు అంకె చూడాలంటే మీటరు కింద ట్రిప్ బటన్ నొక్కి పట్టుకుని దాగున్న టెస్ట్ మెనూలోకి వెళ్లాలి. ముందు 19వ నంబరు టెస్టులో తాళం తియ్యాలి. ఛాసిస్ నంబరు చివరి అయిదు అంకెల మొత్తమే ఆ తాళం. తర్వాత 7.0లో నీళ్ల వేడి సెల్సియస్‌లో కనిపిస్తుంది. టెక్సాస్ ఎండల్లో లాంగ్ డ్రైవ్ వెళ్లినప్పుడల్లా నేను ఆ అంకె పెట్టుకునే నడుపుతాను.

కొన్న రెండో నెలలోనే కూలింగ్ మొత్తం విప్పాను. అప్పటికి బండికి ఏ జబ్బూ లేదు, చుక్క కారడం లేదు. రేడియేటర్ పై గొట్టం క్లిప్పు లాగి, మెల్లిగా అటూ ఇటూ తిప్పుతూ ఊడదీస్తుంటే ప్లాస్టిక్ మూతి పెంకుల్లా పొడిపొడిగా నా అరచేతిలోకి రాలింది. పట్టుకున్న బలం కూడా ఏం లేదు. ఆ మూతితోనే నేను ముందురోజు హైవే మీద ఆఫీసుకి వెళ్లొచ్చాను. ఆ పెంకుల్ని చిన్న సీసాలో వేసి గ్యారేజీ అలమరలో పెట్టాను, ఇప్పటికీ ఉంది. పాత బండి కొన్నామని ఎవరైనా వస్తే ముందు ఆ సీసా చూపిస్తాను.

కూలెంటు (ఇంజనుని చల్లబరిచే ద్రవం) పోసే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, దాని మూత, వాటర్ పంపు, వేడిని బట్టి ఆ ద్రవం దారి తెరిచి మూసే థర్మోస్టాట్, పై గొట్టం, కింది గొట్టం, బెల్టులు, పుల్లీలు, అన్నీ ఒకే దెబ్బలో మార్చెయ్యాలి. ఈసారి ట్యాంకు, వచ్చేసారి పంపు అనుకుంటే ప్రతిసారీ ఫ్యాన్ ఊడదియ్యాలి, ప్రతిసారీ కూలెంటు పారబోసుకోవాలి. నాకు సామానుకి 380 డాలర్ల దాకా అయింది, ఒక శనివారం పూర్తిగా, ఆదివారం ఒక పూట పట్టింది. ఇదే పనికి బయట 1,400 చెప్పారు.

మాన్యువల్ బండిలో ఫ్యాను వాటర్ పంపు మీదే ఉంటుంది. దాన్ని పట్టుకున్న 32 మిల్లీమీటర్ల నట్టుకి ఎడమ మర. బండి ముందు నిలబడి ఇంజను వైపు చూస్తూ గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. నాకు ఈ సంగతి తెలిసినా చెయ్యి మాత్రం అలవాటుగా ఎదురు వైపే లాగింది. పానా తగిలించి, పానా చివర సుత్తితో టక్కున ఒక్క దెబ్బ వేస్తే వదులుతుంది. మెల్లిగా నెడితే పుల్లీ కూడా కలిసి తిరుగుతుంది తప్ప నట్టు కదలదు.

బిగించాక గాలి తియ్యడం మర్చిపోకూడదు. హీటరు పూర్తి వేడి మీద, దాని ఫ్యాను తక్కువ మీద పెట్టి, ఇంజను స్టార్ట్ చెయ్యకుండా తాళంచెవి ఆన్‌లో ఉంచాలి. ట్యాంకు పక్కనున్న స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి నీళ్లు నికరంగా వచ్చేదాకా సన్నటి ధారగా పొయ్యాలి. మొత్తం 8.4 లీటర్లు పడుతుంది. సగం నీలం కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీళ్లు పొయ్యొద్దు, లోపల పాచి, ఉప్పు పేరుకుంటాయి. ఆ స్క్రూ కూడా ప్లాస్టిక్కే, వేళ్లతో బిగించినంత చాలు.

ఈ పనిలో నేను చేసిన తప్పు ఒకటుంది. థర్మోస్టాట్ ఒక్కటి సగం ధరకి వస్తోందని పేరులేని కంపెనీది కొన్నాను. ఎనిమిది నెలలకే తెరుచుకుని ఉండిపోయింది. చలికాలం పొద్దున్న హైవే ఎక్కితే ముల్లు మధ్యకి రాకుండా కింద కిందే ఉండేది, హీటరు గోరువెచ్చగా వచ్చేది. మళ్లీ కూలెంటు దించి, మళ్లీ అంతా విప్పాను. 30 డాలర్లు మిగిల్చుకోబోయి ఒక ఆదివారం పోగొట్టుకున్నాను. ఆ తర్వాత ఈ బండికి పార్టులు చేసిచ్చిన అసలు తయారీదారుల సరుకే కొంటున్నాను. సస్పెన్షన్‌కి లెంఫోర్డర్, కూలింగ్‌కి బేర్, ఫిల్టర్లకి మాన్. లెంఫోర్డర్ కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే చెయ్యి లాంటి పార్టు) కొంటే బీఎండబ్ల్యూ గుర్తు అరగదీసిన మచ్చ దాని మీద కనిపిస్తుంది. షోరూంలో ఇచ్చేదీ అదే, ధరే వేరు.

ఆయిలు కారడం ఈ బండికి రెండో పెద్ద సంగతి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కారులోకి మాడిన నూనె వాసన వస్తుందంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్, అంటే ఇంజను పై మూత కింద ఉండే రబ్బరు, అయిపోయిందని అర్థం. వెనక మూల నుంచి ఆయిలు ఎగ్జాస్ట్ మీదకి జారి కాలుతుంది, ఆ పొగ ఏసీ గాలి లోపలికి లాక్కునే చోటే లేస్తుంది. మా అమ్మాయి చిన్నప్పుడు "నాన్నా, కారులో ఎవరో గారెలు వేస్తున్నారు" అనేది. అది మార్చడం తేలికే. కవర్ నట్లు మాత్రం 10 న్యూటన్ మీటర్లకి మించి బిగించకూడదు.

అంతకంటే ముఖ్యమైంది ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్. అది ఇంజనుకి ఎడమ పక్కన, సరిగ్గా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరు పైన ఉంటుంది. అది కారితే ఆయిలు ఆల్టర్నేటరు లోపలికి, బెల్టు మీదకి దిగుతుంది. పని చెయ్యాలంటే ఆల్టర్నేటరు దించాలి, దానికి ముందు డిక్కీలో ఉన్న బ్యాటరీ తీగ తప్పనిసరిగా విప్పాలి. తాళంచెవి తీసేసినా ఆ ఆల్టర్నేటరు వైరులో కరెంటు ఉంటుంది. హౌసింగ్ ఊడి వచ్చాక దాని గాడిలోంచి పాత రబ్బరుని చిన్న పుల్లతో లేపాను. కొత్తది గాడి పైకి గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, వేలితో నొక్కితే లొంగుతుంది. పాతది గాడితో సమానంగా, పలకలా అణిగిపోయింది. వంచి చూద్దామనుకునేలోపే ఎండుమిరపకాయలా పుటుక్కున విరిగింది. ఆ రబ్బరు ఖరీదు ఎనిమిది డాలర్లు.

ఇంజను లైటు గురించి చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణం. 2016లో పీ0171, పీ0174 కోడ్లు వచ్చాయి. గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది అని దాని భావం. ఆ వారం ఆఫీసులో టెన్షన్‌గా ఉండి, నేను చూడలేక ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. ఎయిర్ సెన్సరు, ఆక్సిజన్ సెన్సర్లు నాలుగూ మార్చాలని 1,100 డాలర్ల లెక్క ఇచ్చారు. ఎందుకో మనసొప్పక బండి వెనక్కి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి ఎయిర్ ఫిల్టరు నుంచి ఇంజనుకి వెళ్లే రబ్బరు గొట్టం విప్పి, మడతలు విడదీసి చూస్తే కింది వైపు మడతలో బొటనవేలంత చీలిక. పైనుంచి ఎంత చూసినా కనిపించదు. పాతిక డాలర్ల గొట్టం వేస్తే లైటు ఆరిపోయింది, మళ్లీ రాలేదు. ఈ46కి ఆ రెండు కోడ్లు కలిపి వస్తే సెన్సర్ల జోలికి వెళ్లకముందు ఆ గొట్టం విప్పి చూడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే వానోస్ యూనిట్ సీళ్లు 1,20,000 మైళ్ల దగ్గర మార్చాను, తక్కువ ఆర్పీఎంలో పోయిన లాగుడు తిరిగొచ్చింది. ఇన్‌టేక్ పక్కన, గాలి దారి మార్చే డీసా వాల్వ్ ఊడదీసి రెక్క వదులైందేమో చూసుకోవాలి, దాని పిన్ను ఊడితే ఇంజనులోకే పోతుంది. కిటికీ అద్దాలు దించే రెగ్యులేటర్లు మూడు మార్చాను. ఏసీ బ్లోయరు తనంతట తాను హెచ్చుతగ్గులవుతుంటే రెసిస్టరు పోయినట్టే. పైకప్పు గుడ్డ వేలాడుతోంది, దానికి నేను చేతులెత్తేశాను.

పనిముట్ల మీద ఇప్పటిదాకా 1,100 డాలర్లు పెట్టాను. మంచి జాకీ, రెండు జతల స్టాండ్లు, చిన్నదీ పెద్దదీ రెండు టార్క్ రెంచీలు (బిగింపు కొలిచే పానాలు), నక్షత్రం గుర్తు బోల్టులకి టార్క్స్ సాకెట్లు, ల్యాప్‌టాప్‌కి తగిలించే కేబుల్. స్టాండ్లు పెట్టకుండా, ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందకి ఎప్పుడూ దూరకండి. ఈ బండ్లకి చక్రాలు నట్లతో ఉండవు, బోల్టులతో ఉంటాయి. చక్రం మోస్తూ కన్నం కలుపుకోవడం నడుం విరిగే పని. బోల్టు కన్నంలోకి ఎక్కించే పొడుగాటి పిన్ను ఒకటి కొనుక్కుంటే చక్రాన్ని దాని మీద వేలాడదియ్యొచ్చు. పదిహేను డాలర్లకి అంత మేలు చేసిన వస్తువు నా దగ్గర ఇంకోటి లేదు. పార్టు కొనేముందు ఛాసిస్ నంబరు చివరి ఏడు అక్షరాలతో ఆన్‌లైన్ క్యాటలాగులో వెతికితే మీ బండికి సరిపోయే నంబరే వస్తుంది.

నేను మొదటి రోజు నుంచీ నోటుపుస్తకంలో లెక్క రాస్తున్నాను. టైర్లు, పెట్రోలు, ఆయిలు కాక పదకొండేళ్లకి పార్టుల ఖర్చు 7,900 డాలర్లు. ఏడాదికి 720 అనుకోండి. కొత్త కారుకి కట్టే వాయిదాలు రెండు నెలలకి అంతకంటే ఎక్కువ అవుతాయి. కాకపోతే నా శనివారాలు ఆ లెక్కలో లేవు. ఏడాదికి ఎనిమిది, పది శనివారాలు బండికే పోతాయి. మా ఆవిడకి టొయోటా ఉంది కాబట్టి సాగింది. ఇంట్లో ఉన్నది ఒకటే బండి అయితే, సోమవారం పొద్దున్న అది కచ్చితంగా కదలాల్సిందే అయితే, ఇది మీకు కుదరదు. అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో రిపేర్లు చెయ్యనివ్వని చోట ఉన్నా కుదరదు.

ఇంత చాకిరీ ఎందుకంటే, నడపడం కోసం. ముందు కంట్రోల్ ఆర్ములు, బుష్‌లు, నాలుగు షాకులు మార్చి అలైన్‌మెంట్ చేయించిన రోజు సాయంత్రం లేక్ చుట్టూ ఉన్న రోడ్డు మీద నడిపాను. స్టీరింగ్ పట్టుకుంటే రోడ్డు మీది గులకరాయి కూడా అరచేతికి తెలిసింది. వరసగా ఉన్న ఆ ఆరు సిలిండర్లు మూడు వేల ఆర్పీఎం దాటాక పాడే పాట కోసం నేను రేడియో కట్టేస్తాను. ఈ బండిని కట్టినవాళ్లు విప్పేవాణ్ణి కూడా మనసులో పెట్టుకున్నారనిపిస్తుంది. బానెట్ ఎత్తితే ప్రతిదానికీ చెయ్యి దూరుతుంది, ఏది ముందు ఏది తర్వాత అన్నదానికి ఒక వరస ఉంటుంది.

హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లకి ఒక మాట. చెన్నైలో బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ 2007లో మొదలైంది, కాబట్టి అక్కడ దొరికే పాత 3 సిరీస్ ఎక్కువగా ఈ90 తరం. వాటికి నేను చెప్పినవన్నీ వర్తించవు. ఆ తరంలో ఆరు సిలిండర్ల ఎన్52 ఇంజనుకి వాటర్ పంపు ఎలక్ట్రిక్‌ది, దాని లెక్క వేరు, ధర వేరు.

ఈ46నే కొనాలనుకుంటే, చూడ్డానికి వెళ్లేముందు ఇంజను స్టార్ట్ చెయ్యకుండా చల్లగా ఉంచమని అమ్మేవాళ్లకి చెప్పండి. చల్లటి ఇంజను మీదే శబ్దాలు బయటపడతాయి. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఎప్పుడు మార్చారో రసీదు అడగండి, లేకపోతే 400 డాలర్లు ధరలోంచి తీసేసి మాట్లాడండి. ఆఖరుగా, లైటు పట్టుకుని బండి వెనక వైపు కిందకి దూరి, సబ్‌ఫ్రేం (వెనక సస్పెన్షన్‌ని మోసే చట్రం) బిగించిన నాలుగు చోట్లా రేకు చూడండి. అక్కడ చీలిక కనిపిస్తే వెల్డింగ్ చేయించడం ఇంట్లో అయ్యే పని కాదు, ధర ఎంత తగ్గించినా ఆ బండి వదిలేసి వచ్చెయ్యండి.