గోవా క్యాసినో ప్యాకేజీ కొనబోయేవారికి గుంటూరు నుంచి ఒక హెచ్చరిక

గుంటూరు, విజయవాడల నుంచి సంక్రాంతి సెలవులకు గోవా క్యాసినో ప్యాకేజీ కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు నా లెక్క ఒకసారి చదవాలని కోరుతున్నాను. 2025 జనవరిలో పండుగకు మిర్చి యార్డు మూసిన రోజుల్లో మేం నలుగురు స్నేహితులం మనిషికి 18,000 రూపాయల చొప్పున ఒక ఏజెంటుకు చెల్లించి అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరాం. గది, భోజనం, మాండవి నదిలో లంగరు వేసి ఉన్న క్యాసినో ఓడలోకి ప్రవేశం, ఆడుకోవడానికి కొన్ని చిప్స్ (డబ్బుకు బదులుగా పందెం కాసే బిళ్లలు), అన్నీ ఆ డబ్బులోనే అని ఆయన చెప్పారు. ఆటలో డబ్బు పోవచ్చునని తెలిసే వెళ్లాం కాబట్టి దాని గురించి నేను మాట్లాడను. ఒక్క పందెం కూడా కాయకముందే కొంత, గెలిచిన తర్వాత మరికొంత చేజారుతుందన్న సంగతి మాకు అమ్మిన మనిషి దాచిపెట్టడం గురించే ఇది రాస్తున్నాను.

ముందుగా ఆ ఉచిత చిప్స్ సంగతి. వాటిని ఓటీపీ చిప్స్ అంటారు, అంటే ఒక్కసారి ఆడటానికి మాత్రమే పనికొచ్చేవి. వాటిని కౌంటర్‌లో ఇచ్చి నగదు తీసుకోవడం కుదరదు. పందెం గెలిస్తే గెలుపు సొమ్ము ఇస్తారు కానీ ఆ చిప్ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ప్యాకేజీ ధరలో వాటిని నగదుతో సమానంగా లెక్కగట్టడం సరికాదు.

అసలు దెబ్బ క్యాష్ కౌంటర్ దగ్గర తగిలింది. మా కమీషన్ కొట్టులో రైతు పట్టీలు రాసేది నేనే. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, తూకం ఎంత, ధర ఎంత అని వేసిన తర్వాత హమాలీ, కాటా కూలీ వంటివి ఒక్కొక్కటీ తీసి, ఆ పట్టీ రైతుకు చదివి వినిపించాకే డబ్బు చేతిలో పెడతాను. అలాంటి నేను ఆ రాత్రి కౌంటర్‌లో ఇచ్చిన చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాను. మరునాడు ఉదయం గదిలో విప్పి చూస్తే చిప్స్ విలువ 50,000, సీజీఎస్టీ 7,000, ఎస్జీఎస్టీ 7,000, మొత్తం 64,000 అని ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి క్యాసినోలో చిప్స్ కొనడానికి చెల్లించే మొత్తం సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ అమల్లోకి వచ్చింది. అది గెలుపు మీద వేసే పన్ను కాదు, కొనుగోలు మీద వేసేది. అందుకే ఆడని చిప్స్ తిరిగి ఇచ్చేసినా వాటి మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. ఇది నిబంధనల్లోనే స్పష్టంగా ఉంది. మాలో ఒకరు మనసు మార్చుకుని పది వేల రూపాయల చిప్స్ ముట్టకుండానే తిరిగి ఇచ్చారు. ఆయనకు పది వేలు వచ్చాయి, 2,800 పన్ను మాత్రం పోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ పన్ను 40 శాతమైంది. అదే 50,000 రూపాయల చిప్స్‌కు నా దగ్గర తీసుకున్న పద్ధతిలోనే ఇప్పుడు తీసుకుంటే 70,000 కట్టవలసి వస్తుంది.

రెండో రాత్రి నేను చేసిన పని ఇంకా పెద్ద పొరపాటు. తెచ్చుకున్న నగదు అయిపోవడంతో క్రెడిట్ కార్డు పెట్టి ఏటీఎంలో 40,000 తీశాను. కార్డుతో సరుకులు కొంటే బిల్లు గడువు వరకు వడ్డీ ఉండదు కదా, దీనికీ అంతేననుకున్నాను. నగదు తీస్తే ఆ వెసులుబాటు లేదు. తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నా కార్డు మీద నగదు రుసుము రెండున్నర శాతం, అంటే వెయ్యి రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 180. వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42 శాతం, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. నేను రెండు నెలలు తీర్చలేకపోయాను కాబట్టి ఖర్చు సుమారు నాలుగున్నర వేలైంది. బాకీ పూర్తిగా తీరనందువల్ల ఆ రెండు నెలలూ ఇంటికి కొన్న సరుకుల మీద కూడా వడ్డీ పడింది. ఇది విడిగా లెక్క వేసుకోవలసిన సంగతి.

ఆ 40,000 పట్టుకుని కౌంటర్‌కు వెళితే పన్ను పోగా చేతికి వచ్చిన చిప్స్ విలువ 31,250. కార్డు ఖర్చుతో కలిపి నేను తీర్చవలసింది దాదాపు 44,500. అంటే ఏ లాభమూ లేకుండా నా డబ్బు నాకు రావాలన్నా ఆ చిప్స్ మీద 42 శాతం గెలవాలి. ఏటీఎం ముందు నిలబడినప్పుడు ఈ కూడికలు, తీసివేతలు చేయడానికి రెండు నిమిషాలు చాలు, కానీ ఆ సమయంలో చేయాలని తోచదు. కార్డును నేరుగా క్యాసినోలో గీస్తే రుసుము ఉండదని కొందరు చెబుతారు. అలాంటి చెల్లింపులను కూడా నగదు తీసినట్టుగానే లెక్కగట్టే బ్యాంకులు ఉన్నాయి కాబట్టి, ఆ మాట నమ్మే ముందు మీ కార్డు నిబంధనల కాగితం తీసి చదవండి.

నాకన్నా ఎక్కువ ఇబ్బంది పడింది నా స్నేహితుడు. ఏజెంటే ఆయనకు లక్ష రూపాయల చిప్స్ అప్పుగా ఇప్పించి, అంకె వేయని చెక్కు మీద సంతకం తీసుకున్నారు. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ (అధిక వడ్డీ అప్పుల) వ్యవహారం బయటపడినప్పుడు ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోట్లు ఎన్ని ఇళ్లను ఏం చేశాయో మనందరం చూశాం. అయినా ఆ ఊళ్లో, ఆ వేళలో, తెలిసినవాడే కదా అని ఆయన సంతకం పెట్టారు. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడవచ్చు. ఖాళీ చెక్కులో అంకె నింపే చెయ్యి మనది కాదు. దయచేసి ఎవరూ ఈ పని చేయకండి.

ఇక గెలుపు. స్లాట్ మెషీన్ మీద నాకు 60,000 వచ్చింది. పాన్ నంబరు తీసుకుని, 30 శాతం టీడీఎస్ (గెలుపులోంచి ముందే కోసుకునే ఆదాయపు పన్ను) కింద 18,000 మినహాయించి 42,000 ఇచ్చారు. రెండు రోజుల్లో చిప్స్‌కు పెట్టింది 1,04,000, వెనక్కి వచ్చింది ఈ 42,000. ఓడిపోయాను కదా, రిటర్న్ వేస్తే ఆ 18,000 రిఫండ్ వస్తుందని ఏజెంటు చెప్పారు, నేనూ నమ్మాను. బ్రాడీపేటలోని మా ఆడిటర్ గారు 26ఏఎస్ (నా పేరున జమైన పన్ను చూపే పట్టిక) తీసి చూపించి ఆ ఆశ వదులుకోమన్నారు. నా గెలుపుకు వర్తించిన 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 115బీబీ ప్రకారం జూదపు గెలుపు మీద 30 శాతం పన్ను పడుతుంది. దానికి కనీస మినహాయింపు పరిమితి వర్తించదు. ఆటలో పోయిన డబ్బు, ప్రయాణం, గది, వడ్డీ, ఏదీ అందులోంచి తీయడానికి వీలు లేదు. పైగా ఆ పన్ను మీద 4 శాతం సెస్ (అదనపు పన్ను) కలిపితే నా పన్ను 18,720 అయింది కాబట్టి ఇంకో 720 నేనే కట్టాను. అరవై రెండు వేలు పోగొట్టుకున్న మనిషిని చట్టం అరవై వేలు సంపాదించినవాడిగా చూసింది.

పన్నెండు లక్షల వరకు పన్ను లేదన్న మాట విని ధైర్యంగా ఉన్నవారు కూడా గమనించాలి: ఆ రాయితీ ఇలాంటి గెలుపు మీద పన్నుకు వర్తించదు. టీడీఎస్ పదివేలు దాటిన గెలుపుకే తీస్తారు కాబట్టి చిన్న గెలుపులకు పన్ను లేదనుకోవడమూ పొరపాటే, రిటర్న్‌లో అవీ చూపించాలి.

ప్యాకేజీ ఖర్చు కూడా కలిపితే ఆ రెండు రాత్రులకు నాకు ఎనభై వేలు దాటింది. వెళ్లి తీరాలనుకునేవారు ప్యాకేజీలో నగదుగా మారే చిప్స్ ఎన్ని, ఓటీపీ చిప్స్ ఎన్ని, చిప్స్ కొన్నప్పుడు జీఎస్టీ విడిగా కట్టాలా అన్నవి ఏజెంటు చేత కాగితం మీద రాయించుకోండి. కార్డులు, చెక్కు పుస్తకం ఇంట్లోనే వదిలి వెళ్లండి.

గత వారం అదే ఏజెంటు వచ్చే సంక్రాంతి ప్యాకేజీ అంటూ వాట్సాప్‌లో కాగితం పంపారు. అందులో ఓడ ఫొటో, భోజనంలో వడ్డించే వంటకాల పేర్లు, ఉచిత చిప్స్ అన్న పెద్ద అక్షరాలు ఉన్నాయి. 40 శాతం జీఎస్టీ గురించి గానీ, 30 శాతం టీడీఎస్ గురించి గానీ ఒక్క అక్షరం లేదు. అడిగితే, అవన్నీ అక్కడికి వెళ్లాక చూసుకుందాం అన్నారు. నా స్నేహితుడి చెక్కు ఈ రోజుకీ ఆయన దగ్గరే ఉంది.